వెనిస్‌లో రెండు రాత్రులు, మధ్యలో ఒకే పూర్తి రోజు: కాలినడకన ఏ వరసలో తిరగాలి?

రెండుసంచులు
నవంబరు మొదటి వారంలో నలుగురం వెళ్తున్నాం: మేమిద్దరం, అమ్మ, నాన్న. మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి రైలు దిగుతాం, మూడో రోజు పదకొండింటికి మళ్లీ రైలెక్కాలి. నాన్నకి మోకాళ్ల నొప్పి. చదునుగా ఉంటే గంటన్నర నడుస్తారు, మెట్లతోనే ఇబ్బంది. అమ్మానాన్నలిద్దరూ శాకాహారులు. గొండోలా ఎక్కకపోయినా పర్లేదు, ఊరు మాత్రం నడిచి చూడాలని ఉంది. ఎక్కడ వెతికినా అవే పది పేర్లు, ఏది ముందు ఏది తర్వాత అన్నది ఒక్కరూ రాయడం లేదు. పటంలో అర కిలోమీటరే కదా అని బయల్దేరితే దారి నీళ్లలో తేలుతుందట, నిజమేనా? బస నేలవైపున్న మెస్త్రేలోనా, దీవిలోనా? వపొరెట్టో (ఊరి పడవబస్సు) పాసు తీసుకోవాలా?

కాలవగట్టు
ముందు ఊరి ఆకారం బుర్రకెక్కించుకోండి, సగం పని అయిపోతుంది. పటంలో చూస్తే ఊరు చేపలా ఉంటుంది. ఆ చేప మధ్యలోంచి గ్రాండ్ కెనాల్ తిరగేసిన ఎస్ అక్షరంలా వంకర్లు తిరుగుతూ పోతుంది, దాదాపు 3.8 కిలోమీటర్లు. అంత పొడవు కాలవకీ ఉన్నవి నాలుగే వంతెనలు. పియాజాలె రోమా దగ్గర 2008లో కట్టిన కోస్తితుజ్యోనె, స్టేషన్ ఎదురుగా స్కాల్జీ, ఊరి నడిబొడ్డున రియాల్టో, చివర్లో చెక్కతో కట్టిన అకాడెమియా. ఎదురు ఒడ్డున కనిపించే ఇల్లు నూటయాభై అడుగుల దూరంలోనే ఉంటుంది, అక్కడికి చేరాలంటే ఇరవై నిమిషాలు నడవాలి. పటం చూసి మోసపోయేది ఇక్కడే.

కాబట్టి పూటకి ఒకే ఒడ్డు పెట్టుకోండి. ఊరిలో ఆరు పేటలు. వాటిని సెస్తియేరి అంటారు. స్టేషన్ ఉన్న ఒడ్డున కన్నరేజో, శాన్ మార్కో, కాస్తెల్లో. అవతలి ఒడ్డున శాంతా క్రోచే, శాన్ పోలో, దోర్సొదూరొ. ఒకే పూటలో ఇటూ అటూ నాలుగుసార్లు దాటేలా పథకం వేసుకుంటే కాళ్లు పోతాయి తప్ప చూసింది ఏమీ మిగలదు.

నీలిచుక్క
పటం నీళ్లలోకి దించుతుందన్నది నిజమే, దానికి కారణం ఉంది. సందులు మరీ ఇరుకు, అటూ ఇటూ నాలుగంతస్తుల గోడలు. జీపీఎస్ సంకేతం గోడలకి తగిలి తిరిగొస్తుంది, నీలిచుక్క కాలవ అవతలికి గెంతుతుంది. మీరు ఎడమ సందులో ఉంటే అది కుడి సందులో ఉన్నారనుకుని మలుపు చెబుతుంది. కాలవ ఒడ్డుకి వచ్చి ఆగిపోయే సందులు ఇక్కడ బోలెడు. ఒకప్పుడు పడవ దిగి నేరుగా ఇంట్లోకి వెళ్లడానికి కట్టుకున్నవి.

ఇలా చేయండి. పటాన్ని ముందే ఫోన్లోకి దించుకోండి. చుక్కని నమ్మకుండా గోడమీది పేరు చదివి పటంలో ఉన్న పేరుతో పోల్చుకోండి. తెల్లటి సున్నపు పలకమీద నల్ల అక్షరాలతో రాసి ఉంటుంది. వాటిని నిజియొలేతి అంటారు, చిన్న దుప్పట్లు అని అర్థం.

కాలవగట్టు
నీలిచుక్క గారు చెప్పినదానికి ఇంకొంచెం. ఆ పలకలమీద పేరుకి ముందున్న మాట చదివితే కాలు ఎక్కడ పడబోతుందో ముందే తెలుస్తుంది.

కల్లే అంటే సందు. ఫొందమెంత అంటే పక్కనే కాలవ ఉన్న గట్టుబాట, మీ నాన్నగారికి ఇదే మంచిది, తిన్నగా, చదునుగా పోతుంది. రియో అంటే చిన్న కాలవ. రియో తెరా అంటే ఒకప్పటి కాలవని మట్టితో పూడ్చి వేసిన వీధి, వెడల్పుగా ఉంటుంది. సోతొపోర్తెగొ అంటే ఇంటి కిందుగా దూరి వెళ్లే దారి. బయటినుంచి చూస్తే ఎవరింటి వాకిలో అనిపిస్తుంది, చాలామంది అక్కడే వెనక్కి తిరిగిపోతారు. ధైర్యంగా దూరొచ్చు. కోర్తె అని ఉంటే మాత్రం ఆలోచించుకోండి, అది పెరడు, చాలావరకు అవతలికి దారి ఉండదు. కాంపో అంటే చిన్న మైదానం లాంటి కూడలి. పియాజా అనే మాట ఊరు మొత్తంలో శాన్ మార్కోకి ఒక్కదానికే.

తాళంచెవి
చిరునామాల సంగతి కూడా చెప్పాలి. ఇంటి నంబరు వీధిని బట్టి ఉండదు, పేట మొత్తానికీ ఒకటే వరస. కాస్తెల్లోలో నంబర్లు ఆరు వేలు దాటతాయి. బస చీటీలో "కాస్తెల్లో" అని, పక్కన నాలుగంకెల నంబరు మాత్రమే ఉంటే అది ఎక్కడో ఊరివాళ్లకే తెలీదు. సందు పేరొక్కటే చెప్పినా చాలదు, రొట్టెల బట్టీ సందు అని అర్థం వచ్చే "కల్లే దెల్ ఫోర్నొ"లు ఊళ్లో చాలా ఉన్నాయి. పేట, నంబరు, సందు పేరు, దగ్గరి వపొరెట్టో రేవు, ఈ నాలుగూ ముందే అడిగి రాసుకోండి.

రెండుసంచులు
ఇది ఎక్కడా చదవలేదు, రాసుకున్నా. మరి మెస్త్రే?

లెక్కలమనిషి
మెస్త్రేనే. అక్కణ్నుంచి దీవిలో ఉన్న శాంతా లూచియా స్టేషన్‌కి రైల్లో పది పన్నెండు నిమిషాలు, టికెట్ రెండు యూరోల లోపు, రైళ్లు వస్తూనే ఉంటాయి. గది అద్దె దీవితో పోలిస్తే బాగా తక్కువ. లిఫ్టు ఉన్న హోటళ్లు దొరుకుతాయి. పెద్దవాళ్లతో వెళ్తూ మూడో అంతస్తు పాత ఇంట్లో దిగడం ఎందుకు?

తెల్లారగట్ట
లెక్కలమనిషి గారితో ఒప్పుకోను. నాలుగైదు రోజులైతే సరే. ఇక్కడున్నది ఒకే పూర్తి రోజు. వెనిస్ బాగుండేది పొద్దున తొమ్మిది లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. పగటిపూట వచ్చే జనం ఆ రెండు వేళల్లో ఉండరు. మెస్త్రేలో దిగితే సరిగ్గా ఆ రెండూ పోతాయి. పైగా మధ్యాహ్నం నాన్నగారు గంటసేపు నడుం వాల్చాలంటే గది అందుబాటులో ఉండాలి కదా.

లెక్కలమనిషి
నడుం వాల్చే సంగతి నిజమే, అది ఆలోచించలేదు. అయితే దీవిలో గది తీసుకునేముందు ఇవి అడగాలి: రేవు నుంచి గుమ్మం దాకా ఎన్ని వంతెనలు? గది ఎన్నో అంతస్తు? లిఫ్టు ఉందా? "స్టేషన్‌కి 300 మీటర్లు" అని రాస్తారు, ఆ మూడొందల మీటర్లలో రెండు వంతెనలుంటే రెండు పెట్టెలతో ఎక్కి దిగాల్సింది మీరే.

కాలవగట్టు
ఇద్దరూ చెప్పింది కలిపితే సమాధానం దొరుకుతుంది. కన్నరేజోలో శాన్ మార్కువోలా రేవు లేదా కా దోరో రేవు దగ్గర, గుమ్మానికీ రేవుకీ మధ్య వంతెన లేని చోటు వెతకండి. రెండింటి దగ్గరా ఒకటో నంబరు పడవ ఆగుతుంది. మూడో రోజు రైలుకి కూడా కంగారు ఉండదు.

పాసుపుస్తకం
వపొరెట్టో లెక్క. ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. 24 గంటల పాసు 25, 48 గంటలది 35, 72 గంటలది 45. రోజుకి మూడుసార్లు ఎక్కితే 28.50 అవుతుంది కాబట్టి రోజుకి మూడుసార్లు ఎక్కినా పాసే లాభం. మీరు దిగేది మధ్యాహ్నం రెండింటికి, బయల్దేరేది మూడో రోజు పదకొండింటికి, అంటే 45 గంటలు. 48 గంటల పాసు అచ్చంగా సరిపోతుంది. గంటలు లెక్కపెట్టేది కొన్నప్పటినుంచి కాదు, మొదటిసారి రేవులో యంత్రానికి తాకించినప్పటినుంచి.

ప్రతిసారీ ఎక్కేముందు తాకించాలి. పాసు ఉంది కదా అని తాకించకుండా ఎక్కితే తనిఖీలో జరిమానా పడొచ్చు. ఇంకొకటి, పెద్ద రేవుల్లో ఒకే పేరుతో రెండు మూడు తేలే వేదికలు ఉంటాయి, ఒక్కోదాని దగ్గర ఒక్కో దిక్కు పడవ ఆగుతుంది. నంబరొక్కటే కాదు, దిక్కు కూడా చదవండి. 4.1, 4.2 ఒకే వలయంలో ఎదురెదురుగా తిరుగుతాయి, 5.1, 5.2 కూడా అంతే. తప్పు ఎక్కితే ఊరు చుట్టి రావాల్సిందే.

గట్టిచెప్పులు
నలుగురికీ పాసు దండగ. నడవడానికే వెళ్తున్నామంటున్నారుగా. స్టేషన్ నుంచి స్త్రాదా నోవా మీదుగా శాన్ మార్కో దాకా రెండు కిలోమీటర్ల పైచిలుకు, ఆగకుండా నడిస్తే 35–40 నిమిషాలు. మలుపుల దగ్గర పసుపు పలకలమీద "పెర్ రియాల్టో", "పెర్ శాన్ మార్కో", "అల్లా ఫెర్రోవియా" అని బాణాలుంటాయి. ఫెర్రోవియా అంటే స్టేషన్.

తెల్లారగట్ట
ఆ దారిలో అర డజనుకి పైగా వంతెనలున్నాయి, గట్టిచెప్పులు గారూ. మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. మిగతా ముగ్గురి సంగతేమో గానీ నాన్నగారికి పాసు ఉండాల్సిందే.

గట్టిచెప్పులు
అది నిజమే. అయితే నలుగురూ తీసుకుంటేనే నయం, ఒకరిని పడవలో పంపి ముగ్గురు నడవడం కుదరదు.

మెట్టుమెట్టుకీ
మెట్ల గురించి మూడు మాటలు.

ఒకటి, చాలా వంతెనల మెట్ల అంచులు తెల్లటి ఇస్త్రియా రాయి. మెట్టు మిగతా భాగం బూడిదరంగు, అది ఎవుగనేయి కొండల అగ్నిశిల, గరుకుగా పట్టునిస్తుంది. తెల్ల అంచు శతాబ్దాలుగా అరిగి నున్నగా అయింది, తడిస్తే సబ్బులా జారుతుంది. వానరోజు పాదం అంచుమీద కాకుండా లోపలికి వేయాలి, చెయ్యి కమ్మీమీద ఉండాలి.

రెండు, కోస్తితుజ్యోనె వంతెన మెట్లు ఒకే కొలతలో ఉండవు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అడుగుల లయ తప్పి తూలతారు. వానలో దాని జోలికి పోకుండా స్కాల్జీ మీదుగా దాటండి.

మూడోది మీకు కలిసొచ్చేది. అక్టోబరు చివర్లో అక్కడ మారథాన్ పరుగు జరుగుతుంది. దానికోసం జాత్తెరె గట్టున, రివా దెలీ స్కియవోని వైపు వంతెనలమీద వాలుబల్లలు వేస్తారు, తర్వాత కొన్ని నెలలపాటు తీయరు. నవంబరులో ఆ రెండు గట్లమీద మెట్ల బాధ బాగా తగ్గుతుంది.

రెండుసంచులు
వాలుబల్లల సంగతి తెలిశాక నాన్న మొహం వెలిగింది. మరి నీళ్లు పొంగడం? నవంబరు అంటే అదే కాలమంటున్నారు. సముద్రానికి తలుపులు కట్టారుగా, ఇక రావేమో?

పోటుపాటు
వస్తాయి, కాకపోతే తక్కువ ఎత్తులో. ఆ తలుపుల పేరు మోసే. లిదో, మలమొక్కో, కియోజా అనే మూడు ముఖద్వారాల దగ్గర మొత్తం 78 తలుపులు సముద్రం అడుగున పడుకుని ఉంటాయి. గాలి నింపితే లోపలి నీళ్లు బయటికిపోయి పైకి లేస్తాయి. నిజమైన పోటుకి మొదటిసారి లేపింది 2020 అక్టోబరు 3న. పోటు 110 సెంటీమీటర్లు దాటుతుందని అంచనా ఉంటేనే సాధారణంగా లేపుతారు. ఆ కొలత 1897 నాటి సముద్రమట్టం మీద, సలూతె కొన దగ్గర తీసేది. శాన్ మార్కో కూడలి ఊళ్లో అన్నిటికన్నా పల్లం. దానికి 80 సెంటీమీటర్లే ఎక్కువ. అంటే 80కీ 110కీ మధ్య పోటు వస్తే తలుపులు లేవవు, కూడలి తడుస్తుంది.

నీళ్లు మొదట గట్టు దాటి రావు. కూడలి రాళ్ల మధ్య వాననీరు పోయే చిల్లులుంటాయి, వాటిలోంచి బుడబుడమంటూ పైకి ఉబుకుతాయి. ఎండ కాస్తుంటే కూడా. అది కనిపించిన పావుగంటలో అడుగుల ఎత్తు రాదు, కంగారు పడొద్దు. పోటు తారస్థాయికి ముందొక గంట, తర్వాతొక గంట ఓపిక పడితే తీసేస్తుంది.

నగరపాలక సంస్థ పోటు కేంద్రం మూడు రోజుల ముందస్తు అంచనా ఇస్తుంది. రాత్రి పడుకునేముందు అందులో రెండు అంకెలు చూడండి, ఎన్ని గంటలకి, ఎన్ని సెంటీమీటర్లు. మర్నాటి వరస దాన్ని బట్టి మార్చుకోవచ్చు. దక్షిణం నుంచి సిరోక్కొ గాలి వీస్తుంటే అంచనా కన్నా పెరగొచ్చు.

గట్టిచెప్పులు
అక్కడ అమ్మే రంగురంగుల ప్లాస్టిక్ కాలితొడుగులు కొనాలా?

పోటుపాటు
పోటు ఉందని అంచనా వస్తేనే కొనండి. కింద పలచటి అడుగు, తడి రాయిమీద జారుతుంది, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి నేను చెప్పను. అలాంటప్పుడు వేసే ఎత్తుబల్లల దారి మీద నడవడం మేలు. బల్లమీద ఫొటో కోసం ఆగితే వెనక వంద మంది ఆగిపోతారు.

ఇనపముక్కు
అసలు వరస ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి మొదటి పూట నేను చెబుతా. నవంబరు మొదటి వారంలో ఐదు లోపే పొద్దు గూకుతుంది. రెండింటికి దిగి, సంచులు గదిలో పెట్టేసరికి మూడు. శాన్ మార్కోకి పరిగెత్తకండి. ఉత్తర కన్నరేజో చాలు.

స్టేషన్ వైపునుంచి వచ్చి గూల్యే వంతెన దాటగానే ఎడమకి తిరిగి గట్టువెంట కొన్ని అడుగులు వేస్తే కుడివైపు ఒక చిన్న సోతొపోర్తెగొ. లోపలికి అడుగు పెట్టేముందు రాతి చట్రం చూడండి, తలుపు బందులు దిగేసిన గుంటలు ఇంకా ఉన్నాయి. 1516 మార్చి 29 నాటి ఉత్తర్వుతో యూదులని లోపల చిన్న వంతెన అవతలున్న దీవిలో ఉంచి, రాత్రిళ్లు తలుపులు మూసేవారు. గెట్టో (ఒక వర్గాన్ని విడిగా ఉంచే పేట) అనే మాట ప్రపంచానికి వెళ్లింది ఇక్కణ్నుంచే. దీవి పెరగదు, జనం పెరిగారు, అందుకని ఇళ్లు పైకి పెంచారు. కూడలిలో నిలబడి కిటికీ వరసలు లెక్కపెట్టండి, ఏడు ఎనిమిది వస్తాయి. పక్కపేటలో అదే ఎత్తు ఇంటికి నాలుగో ఐదో ఉంటాయి. కిటికీల మధ్య దూరం చూస్తేనే లోపల పైకప్పు ఎంత కిందికి ఉందో తెలిసిపోతుంది. 1797లో నెపోలియన్ సేనలు వచ్చాక తలుపులు తీసేశారు.

అక్కణ్నుంచి ఉత్తరంగా ఇనప వంతెన దాటితే ఒర్మెజీని గట్టు. ఇక ఒకదానికొకటి సమాంతరంగా మూడు పొడుగు కాలవలు, తిన్నటి గట్లు. కాంపో దెయి మోరీలో గోడకి ఆనుకుని తలపాగా రాతిబొమ్మలున్నాయి, ఒకదానికి ఇనప ముక్కు. పక్కనే చిత్రకారుడు తింతొరెత్తో ఇల్లు, ఇంకో వంతెన దాటితే ఆయన్ని సమాధి చేసిన మదొన్నా దెల్లోర్తొ చర్చి. మొత్తం ఐదు వంతెనలు. చర్చి వెనకే ఓర్తొ రేవు, నాన్నగారు అలిసిపోతే అక్కడే పడవెక్కేయొచ్చు.

రెండుసంచులు
మీ పేరులో ఉన్న ఇనపముక్కు ఇదేనా!

ఇనపముక్కు
అదే.

తెల్లారగట్ట
రెండో రోజు నాది. ఏడున్నరకల్లా శాన్ మార్కోలో ఉండండి. ఒకటో నంబరు పడవమీద గ్రాండ్ కెనాల్ అంతా చూస్తూ వెళ్లొచ్చు, ముందు భాగంలో బయట కుర్చీలున్న పడవ వస్తే వదలకండి. ఆ వేళకి కూడలిలో ఊడ్చేవాళ్లు, పనులకి వెళ్లేవాళ్లు ఉంటారు, అంతే. బసీలికా, అంటే కూడలిలోని పెద్ద చర్చి, తొమ్మిదిన్నరకి తెరుస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. ఆదివారమైతే పొద్దున ప్రార్థనలుంటాయి, సందర్శకులని మధ్యాహ్నం నుంచే పంపుతారు.

గంటగోపురం ఎత్తు 98.6 మీటర్లు, లిఫ్టు ఉంది. ఇప్పుడున్నది పాతది కాదు. 1902 జూలై 14న అది నిలువునా కూలిపోతే అలాగే మళ్లీ కట్టి 1912లో పూర్తి చేశారు.

కాలవగట్టు
లిఫ్టున్న గోపురమే అయితే ఎదురు దీవిలోని శాన్ జార్జో మజ్జోరె చర్చిది మంచిది. శాన్ జక్కరియా నుంచి రెండో నంబరు పడవ, ఒకటే రేవు. వరస తక్కువ. పైనుంచి చూస్తే శాన్ మార్కో కూడా కనిపిస్తుంది, శాన్ మార్కో గోపురం ఎక్కితే అదొక్కటే కనిపించదు.

గట్టిచెప్పులు
బురానో దీవి ఎవరూ అనలేదే? రంగురంగుల ఇళ్లు.

పాసుపుస్తకం
ఫొందమెంతె నోవె నుంచి 12వ నంబరు పడవ, పోవడానికే ముప్పావుగంట. రేవులో నిలబడే సమయం, తిరుగు ప్రయాణం, అక్కడ గంటన్నర కలిపితే అరపూట పైనే. ఉన్న ఒక్క రోజులో అది వద్దు.

గట్టిచెప్పులు
నేను ఒప్పుకోను, నాన్నగారికి పడవలో కూర్చోవడమే విశ్రాంతి. బురానోలో మెట్లు కూడా తక్కువే.

పాసుపుస్తకం
కూర్చునే చోటు దొరికితే విశ్రాంతి. ఆ పడవ నిండుగా పోతుంది, పెద్దవాళ్లు నిలబడాల్సి రావచ్చు. మూడో రాత్రి ఉంటే మొదట నేనే చెప్పేదాన్ని.

ఇనపముక్కు
శాన్ మార్కో అయ్యాక తూర్పుకి నడవండి, జనం అటు తక్కువ. గట్టువెంట వెళ్తే ఆర్సెనాలె, పాత ఓడల కార్ఖానా. ద్వారం దగ్గర రాతి సింహాలున్నాయి. ఎడమవైపు కూర్చున్న పెద్ద సింహాన్ని దగ్గరికెళ్లి చూడండి. ఏథెన్స్ రేవు పిరాయుస్ నుంచి 1687 యుద్ధం తర్వాత తెచ్చింది. భుజాలమీద పాముల్లా మెలికలు తిరిగిన పట్టీలు చెక్కి ఉంటాయి, అవి ఉత్తరదేశపు రూన్ అక్షరాలు. బాగా అరిగిపోయాయి, పక్కవెలుతురు పడినప్పుడే కంటికి ఆనతాయి. అక్కడికి దగ్గర్లోనే వియా గరిబాల్డి. నెపోలియన్ కాలంలో కాలవ పూడ్చి వేసిన వీధి. వెడల్పు, చదును, కూర్చోవడానికి బల్లలు, ఊరివాళ్ల కొట్లు.

కూరలబుట్ట
తిండి సంగతికొస్తా, శాకాహారులకి ఇక్కడ చిక్కులున్నాయి. బాకరొ అనే చిన్న కొట్లలో చికెట్టి అని చిరుతిళ్లు పెడతారు. చూడ్డానికి తెల్లటి వెన్న పూసిన రొట్టెముక్కలా ఉండేది బక్కలా మంతెకాతొ, అది ఎండుచేప. పొల్పెత్తె అంటే ఉండలు, చాలావరకు మాంసం. "బీగొలి ఇన్ సాల్సా" అని ఉల్లిపాయతో చేసే సేమ్యా లాంటిది ఒకటుంది, పేరులో చేప లేదు, సాస్ నిండా చేపే. రీజీ ఎ బీజీ బఠాణీ అన్నమే గానీ మాంసం ఉడికించిన నీళ్లతో వండొచ్చు. "సెన్జా కార్నె, సెన్జా పెష్షె" అనండి, మాంసం లేకుండా, చేప లేకుండా అని. ఒక్క కార్నె అంటే సరిపోదు, వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు.

ధైర్యంగా తినదగ్గవి: మార్గరీతా పిజ్జా, తమాటా సాస్ పాస్తా, వేయించిన కూరగాయలు. త్రమెజ్జీని అనే తెల్ల రొట్టె శాండ్‌విచ్‌లో కూరగాయలవి ఉంటాయి, చాలా వాటిలో గుడ్డు సాస్ ఉంటుంది, అడగాలి. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. బల్ల దగ్గర భోజనానికి మనిషికింత అని కోపెర్తో చీటీలో చేరుతుంది, మెనూ అడుగున రాసి ఉంటుంది.

తాళంచెవి
మంచినీళ్ల సీసాలు కొనకండి. కూడళ్లలో కుళాయిలు రోజంతా కారుతూనే ఉంటాయి, అవి తాగేవే. మరుగుదొడ్డికి 1.50 యూరో, చిల్లర ఉంచుకోండి. మెట్లమీదా నేలమీదా కూర్చుని తింటే శాన్ మార్కో చుట్టుపక్కల జరిమానా. పావురాలకి గింజలు వేయడం 2008 నుంచి నిషేధం, అమ్మగారికి ముందే చెప్పండి.

రెండుసంచులు
చెప్పాల్సిందే, గింజలు తనే మూట కట్టుకునే మనిషి! ఊళ్లోకి రావడానికే రుసుము అంటున్నారు, అది మాకు వర్తిస్తుందా?

లెక్కలమనిషి
అది రాత్రి బస లేకుండా పగలు వచ్చిపోయేవాళ్లకి. 2024లో మొదలైంది. 2025లో ఏప్రిల్ నుంచి జూలై మధ్య ఎంచిన 54 రోజులే, పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా. ముందే కడితే 5 యూరోలు, ఆఖరి మూడు రోజుల్లో అయితే 10. నవంబరుకి ఆ గొడవ లేదు. వేసవిలో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, మెస్త్రేలో రాత్రి ఉన్నా మినహాయింపే, అదీ వెనిస్ నగరపాలిక కిందే ఉంది. కాకపోతే మినహాయింపు ఉన్నవాళ్లు కూడా ముందే నమోదు చేసుకోవాలి.

మంచినీళ్లబావి
కుళాయిల మాట వచ్చింది కాబట్టి. దాదాపు ప్రతి కాంపోలో చెక్కిన రాతి గుండ్రం ఒకటి ఇనప మూతతో ఉంటుంది. అందరూ దానిమీద సంచి పెట్టి ఫొటో దిగి వెళ్లిపోతారు. అది బావి ఒర, కానీ కింద ఊట లేదు, ఉప్పు నీటి మధ్య ఊట ఎక్కడిది? దాని చుట్టూ కొన్ని అడుగుల దూరంలో నేలమీద చిల్లులున్న తెల్లరాళ్లు వెతకండి. కూడలి నేల వాటివైపు కొంచెం వాలి ఉంటుంది. వాననీరు ఆ చిల్లుల్లోంచి దిగి, కింద బంకమట్టి పూసిన పెద్ద గోతిలోని ఇసకలో వడగట్టుకుని, మధ్యలో ఇటుకలతో కట్టిన గొట్టంలోకి చేరేది. కూడలి మొత్తం ఒక నీటి వడపోత అన్నమాట. 1884లో గొట్టాల నీళ్లు వచ్చేదాకా ఊరు తాగింది అవే.

పోటుపాటు
అలాగే కాలవ గోడలమీద ఆకుపచ్చ నాచు ఎంత ఎత్తు దాకా ఉందో చూడండి. పోటు రోజూ తాకే ఎత్తు అది. కొన్ని పాత భవనాల రాయిమీద "సి" అక్షరం, దానికో గీత చెక్కి ఉంటాయి, ఆ కాలపు నాచు హద్దు అక్కడ. ఇప్పటి నాచు గీత దాటి పైకి వెళ్లిపోయింది. ఊరు ఎంత కుంగిందో, నీరు ఎంత పెరిగిందో కొలబద్ద లేకుండా కనిపిస్తుంది. నీళ్లలోకి దిగే మెట్లమీద మాత్రం కాలు పెట్టకండి, ఆ నాచుమీద ఎవరూ నిలవలేరు.

కాలవగట్టు
రెండో రోజు మధ్యాహ్నం జాత్తెరె పెట్టుకోండి. అకాడెమియా రేవులో దిగితే దోర్సొదూరొ ఒడ్డుకే వస్తారు, వంతెన ఎక్కే పని లేదు. కాలవ పక్కన నాని గట్టు పట్టుకుని దక్షిణంగా నడిస్తే, నీళ్ల అవతల నల్లటి చెక్క ఇళ్లు, వాటి ముందు బోర్లించిన గొండోలాలు. అదే శాన్ త్రొవాజో పడవల కార్ఖానా. లోపలికి వెళ్లక్కర్లేదు, ఈ గట్టునుంచే బాగా కనిపిస్తుంది. బోర్లించి ఉంటే పడవ వంకర తెలుస్తుంది. దాదాపు 11 మీటర్ల పడవ, ఎడమ పక్క కుడి పక్క కన్నా 24 సెంటీమీటర్లు వెడల్పు. నడిపేవాడు వెనక నిలబడి కుడివైపు ఒక్క తెడ్డే వేస్తాడు, పడవ ఎడమకి తిరిగిపోకుండా ఆ వంకరే ఆపుతుంది. తెడ్డు ఆనించే కొయ్యని ఫోర్కొలా అంటారు, అక్రోటు చెక్కతో చెక్కుతారు. అందులో ఒక్కో మలుపు ఒక్కో రకం తోపుకి, ముందుకి, వెనక్కి, ఆపడానికి.

ఆ తర్వాత గట్టు చివరికొస్తే జూదెక్కా కాలవ, దక్షిణపు ఎండ. పొద్దు గూకేదాకా అక్కడే.

మెట్టుమెట్టుకీ
గొండోలా వద్దన్నారు గానీ రెండు యూరోల గొండోలా ఉంది. త్రగెత్తో అంటారు. కా దోరో దగ్గర శాంతా సోఫియా నుంచి ఎదురుగా చేపల సంతకి దాటించేస్తుంది, రెండు మూడు నిమిషాలు. ఇద్దరు నడుపుతారు. చిల్లర చేతికిస్తే చాలు. చెక్కమెట్లు దిగి ఎక్కాలి, నాన్నగారు ఎక్కగానే కూర్చోవాలి. మామూలు గొండోలా అయితే పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి 110, అది పడవకి, మనిషికి కాదు, ఐదుగురు దాకా.

రెండుసంచులు
అందరూ చెప్పింది చదివి ఇలా అనుకుంటున్నాం. బస కా దోరో రేవు దగ్గర, 48 గంటల పాసు నలుగురికీ. మొదటి రోజు గెట్టో, ఒర్మెజీని, మదొన్నా దెల్లోర్తొ, ఓర్తొ రేవు నుంచి పడవలో వెనక్కి. రెండో రోజు ఏడున్నరకి శాన్ మార్కో, శాన్ జార్జో గోపురం, ఆర్సెనాలె, వియా గరిబాల్డి. గదికొచ్చి విశ్రాంతి, మూడింటికి జాత్తెరె. మూడో రోజు త్రగెత్తో ఎక్కి చేపల సంత, మళ్లీ అదే త్రగెత్తోలో వెనక్కి, సంచులు తీసుకుని స్టేషన్. మూడో రోజు సోమవారం పడుతుంది.

కూరలబుట్ట
సోమవారం చేపల సంత ఉండదు, ఆదివారం కూడా. మంగళవారం నుంచి శనివారం దాకానే, అదీ పొద్దుటిపూట.

తెల్లారగట్ట
అంటే మీ రెండో రోజు ఆదివారం! బసీలికా పొద్దున కుదరదు. ఏడున్నరకి కూడలి మాత్రం చూసుకుని ఆర్సెనాలె వెళ్లిపోండి, బసీలికా మధ్యాహ్నానికి మార్చండి.

రెండుసంచులు
మధ్యాహ్నం జాత్తెరె ఉంది కదండీ. ప్రయాణాన్నే ఒక రోజు ముందుకి జరపొచ్చేమో, రైలు టికెట్లు ఇంకా కొనలేదు. శుక్రవారం దిగితే?

పాసుపుస్తకం
శుక్రవారం దిగి ఆదివారం వెళ్తే చివరి పొద్దున కూడా సంత ఉండదు. గురువారం దిగండి. శుక్రవారం బసీలికా, శనివారం పొద్దున సంత, రెండూ దక్కుతాయి.

రెండుసంచులు
గురువారమే ఖాయం. గది వాళ్లకి ఇప్పుడే రాస్తున్నా: రేవుకీ గుమ్మానికీ మధ్య ఎన్ని వంతెనలు, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా.